మన ప్రశ్న సభకెక్కాలి

(మండల స్థాయి కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చకుండా అచ్చు వేస్తున్నాం.)



అన్నలారా, అక్కలారా, పెద్దలారా! నాకిచ్చిన అంశం 'చట్టసభల్లో అడిగే ప్రశ్నలు'. అంశం పేరు చెప్పగానే కొందరి ముఖాలు చిన్నబోయాయి. మా శ్మశానం సంగతి, మా పట్టా భూమి సంగతి, స్టేషన్లో నానుతున్న మా కేసు సంగతి మాట్లాడకుండా ఈ అసెంబ్లీ గోల మనకెందుకని మీ మనసులో ఉంది. ఆ మూడు సంగతులూ తేల్చుకోవడానికి పనికొచ్చే పనిముట్టు ఒకటుంది. కొడవలి ఉంది, చూరులో దోపి ఉంది, దాన్ని తీసి వాడినోడు లేడు. దాని గురించే చెబుతాను.

మనకి అర్జీ రాయడం బాగా తెలుసు. మండలాఫీసుకి అర్జీ, ఆర్డీవోకి అర్జీ, సోమవారం నాడు కలెక్టరు గారికి అర్జీ. మన పేటల్లో అర్జీ రాయని ఇల్లు లేదు. ఆ అర్జీ ఏ బల్ల కింద పడిందో మనకి తెలీదు. చట్టసభ సభ్యుడు రాసిన ప్రశ్న అట్లా కాదు. ఒకసారి అది సభ జాబితాకెక్కిందంటే సంబంధిత మంత్రి ఫలానా తేదీన జవాబు చెప్పి తీరాలి. జవాబు అచ్చవుతుంది. దాని మీద ప్రశ్న నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, మంత్రి పేరు ఉంటుంది. పదేళ్ళ తర్వాత తీసి చూపించినా కాదనడానికి లేదు. సభలో తెలిసి తెలిసి అబద్ధం చెబితే సభా హక్కుల ఉల్లంఘన కిందికొస్తుంది. అర్జీలో మనం అడుక్కుంటాం. ప్రశ్నలో ప్రభుత్వాన్ని నిలబెట్టి లెక్క అడుగుతాం. ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న ఎట్లా నడుస్తుంది?

పార్లమెంటు సంగతి ముందు చెబుతాను. ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. దాని మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్రం గుర్తు లేని ప్రశ్నకి మంత్రి రాతలో జవాబిస్తాడు. అది సభ ముందుంచుతారు, అంతే. లోక్‌సభలో రోజుకి నోటి జవాబు ప్రశ్నలు 20, రాత జవాబు ప్రశ్నలు 230 దాకా తీసుకుంటారు. ఆ 20లో కూడా గంటలోపు పిలుపు అందేవి కొన్నే. మిగతావాటికి రాత జవాబే.

టీవీలో మనం చూసేది ఆ ఇరవైలో నాలుగైదు. అరుపులు, కేకలు, వెల్‌లోకి దూకడాలు. ఈ సందడిలో 230 కాగితాలు చప్పుడు లేకుండా సభ ముందుకి వచ్చి పడతాయి. వాటిని ఎవరూ చూడరు. మనకి కావాల్సిన సరుకు చాలా వరకు అక్కడే ఉంది. ఏ జిల్లాకి ఎంత డబ్బొచ్చింది, ఎంత వాడారు, ఎన్ని పోస్టులు ఖాళీ, ఎన్ని కేసులు నమోదు, ఎన్నింటిలో శిక్ష పడింది - ఇట్లాంటివన్నీ. ఇప్పుడవి పార్లమెంటు వెబ్‌సైట్లో పెడుతున్నారు. మీ పేటలో ఇంటర్ చదివే పిల్లాడి చేతిలో ఫోనుంటే చాలు, దించుకోవచ్చు.

సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. నోటీసులు ఎక్కువైతే చీటీలు తీసి ఎవరి ప్రశ్న ముందో తేలుస్తారు. ప్రశ్న 150 మాటలకి మించకూడదు. అందులో వాదనలు ఉండకూడదు, ఎత్తిపొడుపులు ఉండకూడదు, ఊహలు ఉండకూడదు. కోర్టులో నడుస్తున్న కేసు మంచిచెడ్డలు అడగకూడదు. మన రాష్ట్ర అసెంబ్లీలకీ, కౌన్సిళ్ళకీ వేరే నియమాల పుస్తకాలున్నాయి, గడువులు వేరు. సమావేశాల తేదీలు రాగానే ఎమ్మెల్యే గారి దగ్గర గడువు కనుక్కుని రాసుకోండి. గడువు దాటితే ప్రశ్న ఆ సమావేశాలకి చచ్చిపోయినట్టే.

ఒక్క ప్రశ్న ఏం చేస్తుందిలే అనుకోవద్దు. 1957లో జీవిత బీమా సంస్థ డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టారా అని లోక్‌సభలో ఒక సభ్యుడు ప్రశ్న వేశాడు. దాన్ని పట్టుకుని ఫిరోజ్ గాంధీ తీగ లాగాడు. ఒక కోటీ 24 లక్షల పెట్టుబడి డొంక కదిలింది, విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది, 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశాడు. అది డబ్బున్నోళ్ళ బీమా సొమ్ము సంగతి. మన ప్రాణాల సంగతి అడిగితే ఏమైందో ఇప్పుడు చెబుతాను. ఇది జాగ్రత్తగా వినండి.

చావులు లేవన్న జవాబు

డ్రైనేజీ మ్యాన్‌హోల్లోకి దిగి, సెప్టిక్ ట్యాంకులోకి దిగి, విషవాయువుకి ఊపిరాడక చచ్చేది ఎవరు? ఈ గుడారం కింద కూర్చున్న వాళ్ళకి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. 2021 జులై 28న రాజ్యసభలో మల్లికార్జున ఖర్గే, ఎల్. హనుమంతయ్య ఈ చావుల లెక్క అడిగారు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సహాయమంత్రి రాందాస్ అథవాలే రాతలో జవాబిచ్చాడు. మానవులు చేతులతో మలం ఎత్తే పని వల్ల చావులు నమోదు కాలేదని ఆ జవాబు సారాంశం. అడిగినవాళ్ళు దళితులు. జవాబిచ్చింది ఒకప్పుడు దళిత పాంథర్స్‌లో పనిచేసిన దళితుడు. కాగితం మీద మాత్రం మనోళ్ళ చావు సున్నా.

కొద్ది రోజులకే, ఆగస్టులో, అదే సభలో అదే శాఖ మరో జవాబిచ్చింది. చేతులతో మలం ఎత్తే పని వల్ల చావుల్లేవు గానీ, మురుగు కాలువలూ సెప్టిక్ ట్యాంకులూ శుభ్రం చేస్తూ ప్రమాదాల్లో పోయినవాళ్ళు 941 మంది అని. అది 1993 నుంచి వాళ్ళ లెక్కకెక్కినవాళ్ళ సంఖ్య. లెక్కకెక్కనివాళ్ళు ఎంతమందో!

ఒకే శాఖ, ఒకే సభ, ఒకే నెలలోపు. ఒకసారి సున్నా, ఒకసారి 941. ఎట్లా కుదిరింది? ఇందులో కిటుకుంది. 2013లో వచ్చిన చట్టంలో రెండు వేర్వేరు మాటలున్నాయి. పాకీ దొడ్లలో, తెరిచి ఉన్న కాలువల్లో, గుంటల్లో, రైలు పట్టాల మీద మలం ఎత్తేవాడు ఒక రకం. మురుగు కాలువలోకీ సెప్టిక్ ట్యాంకులోకీ రక్షణ సామాగ్రి లేకుండా దిగి కడిగేది 'ప్రమాదకరమైన శుభ్రత' అని ఇంకో రకం. రెండూ నిషేధమే. కానీ మీరు మొదటి మాటతో అడిగితే, రెండో మాట కింద చచ్చినవాళ్ళని ప్రభుత్వం పక్కన పెట్టేస్తుంది. చచ్చినవాడు ఒకడే, అతని కులం ఒకటే, ముక్కులోకి పోయిన కంపు ఒకటే. మాట మారేసరికి శవం మాయమైంది.

అందుకే చెబుతున్నా, ఏ మాటతో అడిగితే ఆ మాటకే జవాబు. పాలకులు మాటల్ని బాగా చదువుకున్నారు. మనమూ చదువుకోవాలి.

సున్నా అంటే ఏమవుద్ది అని ఎవరైనా అడగొచ్చు. సున్నా అంటే పరిహారం సున్నా. సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. 1993 నుంచి ఇట్లా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబాన్నీ గుర్తించి 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరు 20న ఇంకో తీర్పులో ఆ మొత్తాన్ని 30 లక్షలకి పెంచింది. పేరు జాబితాలో ఉన్న ఇంటికి ఆ డబ్బు అడిగే హక్కు సులువవుద్ది. జాబితాలో లేని ఇంటి విధవరాలు తన మొగుడు చచ్చాడని మళ్ళీ మొదట్నుంచి రుజువు చేసుకోవాలి. లెక్క అంటే మనకి అంకెలు కావు, అన్నం.

ఆ సఫాయి కర్మచారీ ఆందోళన్‌ని నిలబెట్టిన బెజవాడ విల్సన్ మన తెలుగువాడే. కోలారు బంగారు గనుల దగ్గర, పాకీ పని చేసిన కుటుంబంలో పుట్టాడు. ఎస్.ఆర్. శంకరన్ గారు ఆ పనికి వెన్నుదన్నుగా నిలిచారు. 2003లో వాళ్ళు సుప్రీంకోర్టుకెళ్ళినప్పుడు రాష్ట్రాలు ఏమన్నాయి? మా దగ్గర పాకీ దొడ్లే లేవన్నాయి. వీళ్ళు ఊరూరూ తిరిగి ఫోటోలు తీశారు, పేర్లు రాశారు, తెచ్చి కోర్టు ముందు పెట్టారు. 2011 జనాభా లెక్కల్లో చూస్తే మనుషులే మలం ఎత్తే మరుగుదొడ్లు దేశంలో 7 లక్షల 94 వేలు తేలాయి. ఆ పని చేసేవాళ్ళని వెతకమంటే 2013, 2018 సర్వేలు రెండూ కలిపి 58,098 మందినే చూపించాయి. దొడ్లు అన్ని లక్షలు, ఎత్తేవాళ్ళు ఇన్ని వేలు. మిగతా మలం గాలికి కొట్టుకుపోయిందా?

ఇక్కడ ఇంకో ప్రశ్న చేసిన మేలు చూడండి. ఈ గుర్తించిన వాళ్ళ కులమేంటని 2021 డిసెంబరులో రాజ్యసభలో అడిగారు. కులం వివరాలున్న 43,797 మందిలో 42,594 మంది షెడ్యూల్డ్ కులాల వాళ్ళని ప్రభుత్వమే రాసిచ్చింది. వందకి తొంభై ఏడు మంది! ఇది కులం సమస్య కాదు, పారిశుధ్యం సమస్య అని ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషుల నోటికి తాళం వేయడానికి మనకి వేరే పుస్తకం అక్కర్లేదు. ఆ ఒక్క జవాబు చాలు. అది మన సంఘం అన్న మాట కాదు, సర్కారు రాసిచ్చిన మాట.

సభలో కాగితం, చెరువు దగ్గర అడుగు

మన చరిత్రలో ఇది కొత్త దారేం కాదు. 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే అనే సభ్యుడు ఒక తీర్మానం పెట్టాడు. ప్రభుత్వ డబ్బుతో కట్టిన బావులు, చెరువులు, సత్రాలు అంటరానివాళ్ళు వాడుకోవచ్చని. సభ ఒప్పుకుంది. 1924లో మహద్ పురపాలక సంఘం తన చెరువు అందరిదీ అని తీర్మానించింది. కాగితం మీద చెరువు మనదైంది, నీళ్ళు మాత్రం మనోడి దోసిట్లోకి రాలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళి ఆ చెరువు నీళ్ళు తాగాడు. దెబ్బలు తిన్నారు. కోర్టు కేసు పదేళ్ళు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో మనకే గెలుపొచ్చింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. కాగితం ఒక్కటే అయితే చెరువు గట్టునే ఆగిపోయేవాళ్ళం. కాగితం లేకపోతే మనల్ని దొమ్మీగాళ్ళని జైల్లో వేసేవాళ్ళు. రెండూ ఉన్నాయి కాబట్టి నిలబడ్డాం. ఇంకోటి, బోలే అంటరాని కులం వాడు కాదు. మన ప్రశ్న అడగడానికి మనోడే కావాలని లేదు, అడిగే మనిషి కావాలి.

మన వైపు చూడండి. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఆ శాసనమండలిలో ఎం.సి. రాజా పట్టుబట్టాక 1922లో సర్కారు కాగితాల్లో 'పంచముడు' లాంటి మాటలు పోయి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లు వచ్చాయి. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానంతో వీధులూ రోడ్లూ బావులూ అన్ని కులాలకీ అని ఆ సభ ఒప్పుకుంది. అప్పట్లో మనవాళ్ళు నామినేట్ అయిన వేళ్ళ మీద లెక్కపెట్టే సభ్యులు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఎస్సీ రిజర్వుడు సీట్లు 29, తెలంగాణలో 19. వేళ్ళు చాలవు. కానీ ప్రశ్నలెన్ని?

బాబాసాహెబ్ బల్లకి రెండు వైపులా కూర్చున్నాడు. బొంబాయి మండలిలో ప్రభుత్వాన్ని అడిగే వైపు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడిగా, తర్వాత న్యాయమంత్రిగా, జవాబు చెప్పే వైపు. మంత్రి కుర్చీలో ఉన్నవాడు జవాబుదారీ అని ఆయనకి తెలుసు. మన ఎమ్మెల్యేలు ఆయన ఫోటోకి ఏడాదికి రెండుసార్లు దండ వేస్తారు. దండతోపాటు ఆయన చేసిన ఈ పని కూడా చేయమని మనం అడగాలి.

తప్పించుకునే జవాబులు

జవాబు చెప్పినట్టుండి చెప్పకుండా పోయే దార్లు వాళ్ళకి తెలుసు. అవి మనకీ తెలియాలి.

ఒకటి, 'లెక్క లేదు' అనడం. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో వలస కూలీలు వందల మైళ్ళు నడిచారు, దార్లో రాలిపోయారు. ఆ సెప్టెంబరులో ప్రశ్నోత్తరాల గంటనే ఎత్తేశారు, రాత జవాబులు మాత్రం ఉంచారు. ఎంతమంది వలస కూలీలు చనిపోయారని లోక్‌సభలో అడిగితే, అట్లాంటి లెక్క నిర్వహించడం లేదని కార్మిక శాఖ 14వ తేదీన రాసిచ్చింది. లెక్క లేకపోతే పరిహారం ప్రశ్నే రాదు. ఇట్లాంటి జవాబొస్తే వదలొద్దు. లెక్క ఎందుకు పెట్టలేదు, ఎప్పట్నుంచి పెడతారు అని మళ్ళీ అడిగించాలి. ఈలోపు లెక్క మనమే రాయాలి.

రెండు, 'ఇది రాష్ట్రాల విషయం' అనడం. కేంద్రం రాష్ట్రం మీదికి తోస్తుంది, రాష్ట్రం మున్సిపాలిటీ మీదికి తోస్తుంది, మున్సిపాలిటీ కాంట్రాక్టరు మీదికి తోస్తుంది. అందుకని కేంద్రాన్ని కేంద్రం పనే అడగాలి. ఎంత డబ్బిచ్చారు, ఎంత ఖర్చయిందని రాష్ట్రాలు లెక్క పంపాయి, చట్టం ప్రకారం మీరు ఏటా పెట్టాల్సిన నివేదిక పెట్టారా అని. అత్యాచారాల నిరోధక చట్టం 21వ సెక్షన్ ప్రకారం కేంద్రం ప్రతి ఏడూ ఆ నివేదికని పార్లమెంటు ఉభయసభల ముందుంచాలి. అది వాళ్ళ పనే, తప్పించుకోలేరు.

మూడు, పథకాల పట్టిక చదవడం. ఎన్ని పోస్టులు ఖాళీ అని అడిగితే మా ప్రభుత్వం దళితుల సంక్షేమానికి కట్టుబడి ఉందని రెండు పేజీలు. ప్రశ్న వదులుగా ఉంటే ఈ జవాబే వస్తుంది.

నాలుగు, 'పరిశీలనలో ఉంది', 'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం' అనడం. దీన్ని చూసి చాలామంది నీరుగారిపోతారు. వాస్తవానికి ఇది మన చేతికి దొరికిన తాడు. పార్లమెంటు పద్ధతిలో ఇట్లాంటి మాట హామీ కింద లెక్క. మూడు నెలల్లో తీర్చాలి. తీర్చారా లేదా అని చూడటానికి లోక్‌సభలో 1953 నుంచీ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఆ హామీ ఏమైందని మన సభ్యుడి చేత ఉత్తరం రాయించాలి.

ప్రశ్న మనం రాసిద్దాం

ఎమ్మెల్యే గారికి తీరికుండదు. ఆయన వెనకుండే మనిషికి మన సంగతి పట్టదు. కాబట్టి ప్రశ్న మనమే రాసి తీసికెళ్ళాలి. 'రాష్ట్రంలో దళితుల మీద దాడుల పరిస్థితి ఏమిటి?' అని రాశారనుకోండి. 'ప్రభుత్వం అన్ని చర్యలూ తీసుకుంటున్నది' అని జవాబొస్తుంది. దానికి కాగితం ఖర్చు దండగ. ఇట్లా రాయాలి, పలక మీద రాస్తున్నా, మీరూ రాసుకోండి.

(అ) ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు, 1995లోని 16వ నియమం ప్రకారం ముఖ్యమంత్రి అధ్యక్షతన ఉన్న రాష్ట్రస్థాయి నిఘా, పర్యవేక్షణ కమిటీ గత మూడు సంవత్సరాలలో ఎన్నిసార్లు సమావేశమైంది, తేదీలు ఏవి?

(ఆ) జనవరి, జులై నెలల్లో సమావేశం జరగని సంవత్సరాలు ఏవి, కారణాలు ఏమిటి?

(ఇ) 17వ నియమం ప్రకారం మూడు నెలలకొకసారి జరగవలసిన జిల్లా కమిటీ సమావేశాలు జిల్లాల వారీగా ఎన్ని జరిగాయి?

(ఈ) ఇదే కాలంలో నమోదైన కేసుల్లో 60 రోజుల్లోపు ఛార్జిషీటు వేసినవి ఎన్ని; వేయనివి ఎన్ని, జిల్లాల వారీగా?

చూశారా, ఇందులో తిట్టు లేదు, ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. నియమం నంబరు ఉంది, కాలం ఉంది, జిల్లా ఉంది, తేదీ ఉంది. తప్పుకోవడానికి సందు లేదు. ఆ రాష్ట్ర కమిటీలో షెడ్యూల్డ్ కులాల ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు సభ్యులు. అంటే మనం అడిగే సభ్యుడు ఆ సమావేశానికి తననసలు పిలిచారో లేదో ముందు తనే చూసుకోవాలి. మన ప్రశ్న ప్రభుత్వానికే కాదు, ఆయనకీ గుచ్చుకుంటుంది.

ఇట్లాగే సబ్‌ప్లాన్ డబ్బు. ఉమ్మడి రాష్ట్రంలో అన్ని సంఘాలూ కలిసి పోరాడితే ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం 2013 జనవరిలో అమల్లోకొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి అని వేరే చట్టం చేశారు. చట్టం ఎందుకు కావాల్సొచ్చింది? ఢిల్లీలో కామన్వెల్త్ ఆటల పనులకి దళితుల డబ్బు సుమారు 700 కోట్లు మళ్ళించారని సమాచార హక్కుతో బయటపడింది. 2010లో రాజ్యసభలో హోంమంత్రి చిదంబరం ఆ మళ్ళింపు తప్పేనని ఒప్పుకోవాల్సొచ్చింది. కాబట్టి 'సబ్‌ప్లాన్ అమలవుతోందా' అని అడగొద్దు. ఫలానా ఏడు కేటాయింపు ఎంత, విడుదల ఎంత, ఖర్చు ఎంత, ఏ శాఖ ఏ పని మీద ఖర్చు పెట్టింది, ఆ పని ఏ ఊళ్ళో ఏ పేటలో ఉంది అని అడగండి. ఊరి పేరు పడగానే మనం వెళ్ళి చూడొచ్చు. కాగితం మీద సిమెంటు రోడ్డు, కంటి ముందు బురద అయితే ఆ ఊరోళ్ళే సాక్షులు.

అసైన్డ్ భూమి కూడా అంతే. 1977 చట్టం కింద చేతులు మారిన మన పట్టా భూములు మండలాల వారీగా ఎన్ని ఎకరాలు గుర్తించారు, తిరిగి ఎన్ని ఎకరాలు ఎంతమందికి స్వాధీనం చేశారు? శ్మశానమైతే, శ్మశానం స్థలం లేని దళితవాడలు ఎన్ని, వాటి పేర్లేవి? ఈ జవాబు రావడానికి ముందు మీ మండలం లెక్క మీ దగ్గరుండాలి. సర్కారు 'రెండు' అంటే, 'కాదు పదకొండు, పేర్లివిగో' అని లేచేవాడు కావాలి. లెక్క లేని అరుపుని వాళ్ళు పట్టించుకోరు, పేర్లున్న లెక్కని దాటిపోలేరు.

మనోళ్ళు ఎందుకడగరు?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా మాట్లాడుకోవాలి. రిజర్వుడు సీటులో గెలిచినవాడు మన ఓట్లొక్కటే అయితే గెలవడు. టిక్కెట్టిచ్చిన పార్టీ, ఖర్చు పెట్టిన ఆసామి, ఊరి పెత్తందారు అందరూ ఆయన భుజాల మీద కూర్చున్నారు. అధికార పార్టీలో ఉంటే సొంత మంత్రిని ఇరుకున పెట్టలేనంటాడు. ప్రతిపక్షంలో ఉంటే ఆరోజు పార్టీ వాకౌట్ చేసిందంటాడు. ఆయన అడ్డంకులు మనకి తెలుసు. కానీ రాత ప్రశ్నకి గొంతు చించుకోనక్కర్లేదు, మంత్రి ఎదుట నిలబడనక్కర్లేదు. సంతకం పెట్టి పంపితే చాలు. ఆ మాత్రం ధైర్యం కూడా లేదంటే దాన్నేమనాలో మీరే చెప్పండి.

ప్రశ్నకి ధర ఉందన్న సంగతి డబ్బున్నోళ్ళకి ఎప్పుడో తెలుసు. 2005 డిసెంబరులో ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకుంటూ ఎంపీలు రహస్య కెమెరాకి దొరికారు. 11 మందిని పార్లమెంటు బయటికి పంపింది, పది మంది లోక్‌సభ, ఒకరు రాజ్యసభ. వ్యాపారులు డబ్బిచ్చి కొనుక్కునే వస్తువుని మనం ఓటిచ్చి కూడా అడగటం లేదు.

అందుకని ఒంటరిగా పోవద్దు, ఎమ్మెల్యే గారి ఇంటి అరుగు మీద వంగి నిలబడొద్దు. పది ఊళ్ళ నుంచి ఇరవై మంది, అందులో సగం మంది ఆడవాళ్ళు, వెళ్ళండి. ప్రశ్న రెండు కాపీలు తీసికెళ్ళండి. ఒక దాని మీద అందిందని సంతకం, తేదీ తీసుకోండి. ఆయన కాదంటే పక్క నియోజకవర్గం సభ్యుడి దగ్గరికి, ఎమ్మెల్సీ దగ్గరికి, ఏ పార్టీ అయినా సరే, ఏ కులమైనా సరే, వెళ్ళండి. ఎవరు అడిగారో, ఎవరు అడగలేదో రాసుకోండి. ఎన్నికల ముందు దండలు వేయించుకోవడానికి మీ పేటకొచ్చినప్పుడు ఆ జాబితా చదివి వినిపించండి.

జవాబొచ్చాక

జవాబు వచ్చిందంటే పని మొదలైందని అర్థం. ముందు పేటలో, చెట్టు కింద, అందరికీ చదివి వినిపించాలి. చదువు రానివాళ్ళే ముందు తప్పు పట్టుకుంటారు. 'బోరు వేశామన్నారా? మా వీధిలో బోరెక్కడుంది?' అని అవ్వ లేస్తది. అదే మన అనుబంధ ప్రశ్న. దాన్ని రాసుకోవాలి.

తర్వాత సమాచార హక్కు. గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి. మంత్రి సభలో చెప్పిన అంకెకి ఆధారమైన రిజిస్టరు కాపీ అడగండి. 2005 చట్టంలో ఒక మంచి వాక్యం ఉండేది, చట్టసభకి ఇవ్వకుండా ఉండలేని సమాచారాన్ని మామూలు మనిషికీ ఇవ్వకుండా ఉండకూడదని. 2023లో చేసిన డేటా రక్షణ చట్టంతో ఆ వాక్యాన్ని కొట్టేశారు. ఇంతకాలం ఎమ్మెల్యేకీ మనకీ సమానంగా ఉన్న తలుపు మన వైపు మూసుకుంటోంది. మన వైపు తలుపు మూసేకొద్దీ సభ్యుడి వైపు తలుపుని మనం ఇంకా గట్టిగా తట్టాలి.

జవాబుని కేసుల్లో వాడండి. హత్య జరిగిన దళిత కుటుంబానికి నియమాల ప్రకారం 8 లక్షల 25 వేల సాయం రావాలి. సగం పోస్టుమార్టం అయ్యాక, మిగతా సగం ఛార్జిషీటు కోర్టుకి వెళ్ళాక. 2016 నుంచి ఉన్న లెక్క ఇది. నిధులు లేవని జిల్లాలో అధికారి అంటాడు. అదే ఏడు నిధులు మిగిలిపోయాయని మంత్రి సభలో రాసిచ్చి ఉంటే, ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టండి. కారంచేడు రోజుల్లో మనం రోడ్డు మీద కూర్చుని చట్టాన్ని తెచ్చుకున్నాం. ఇవాళ ఆ చట్టం నియమాలు మన జేబులో ఉండాలి.

చివరిగా పని పంచుకుందాం. ప్రతి మండలం నుంచి ముగ్గురు లేవండి. ఒకరు శ్మశానాల లెక్క, ఒకరు పట్టా భూముల లెక్క, ఒకరు అట్రాసిటీ కేసుల లెక్క తీయాలి. డ్రైనేజీల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పోయినవాళ్ళెవరైనా ఉంటే పేరు, ఊరు, తేదీ, దింపిందెవరు, డబ్బు ముట్టిందా లేదా అన్నీ విడిగా రాయాలి. వచ్చే తరగతికి ఆ కాగితాలతో రండి. కూర్చుని ప్రశ్నలు రాద్దాం. సమావేశాలకి ముందే ఎమ్మెల్యేల ఇళ్ళకి వెళదాం. రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి, ఇందాకటి సున్నా, 941 గుర్తుంచుకోండి. మన మనిషి చావు ఏ మాట కింద జారిపోతుందో చూసి, ఆ సందు పూడ్చి మరీ అడగండి.

జై భీమ్!